మా తోడికోడలి నీళ్ళ చెంబు

లోవలక్ష్మి గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పమంటే మా ఊళ్ళో ఎవరైనా చెబుతారు. నన్నడగడం దేనికి? నాకు ఆవిడంటే కుళ్ళు. పెనుగొండకు మూడు మైళ్ళలో ఉన్న ఈ ఊళ్ళో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. అయినా పదకొండేళ్ళుగా తడిక ఇవతల కూర్చుని, ఆవిడ చేసే ప్రతి పనీ కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూస్తున్నదాన్ని నేనే. మెచ్చుకునేవాళ్ళు అంత శ్రద్ధగా చూడరు. కాబట్టి నేనే చెబుతాను.

నా పేరు పాపాయి. మాది కుమ్మరి ఇల్లు. మా ఆయన భీమరాజు పెద్దవాడు, మరిది గంగరాజు చిన్నవాడు. లోవలక్ష్మి గంగరాజు పెళ్ళాం, అంటే నా తోడికోడలు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఇంటిని రెండు చేసి మధ్యన తాటాకు తడిక కట్టారు. రెండు అరుగులు, రెండు చక్రాలు, పెరట్లో కుండలు కాల్చే ఆవం చెరొకటి. ఒక్కటి మాత్రం పంచలేదు. అది ఐరేని కుండల హక్కు.

పెళ్ళికి ముందు రోజు పెళ్ళివారి ఆడవాళ్ళు మేళంతో కుమ్మరింటికి వస్తారు. సున్నం, ఎర్రజాజు పూసి ముగ్గులు వేసిన ఐదు కుండల్ని కుమ్మరి ఇల్లాలి చేతి మీదుగా అందుకుంటారు. ఆమెకు బొట్టు పెట్టి, బియ్యం, కొబ్బరికాయ, చీర ఇచ్చి, కుండలతో మళ్ళీ మేళంగా వెళతారు. ఏడాది పొడవునా "ఏమే పాపాయి" అని కేకేసే రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు ఆ ఒక్క పూట నా అరుగు ముందు నిలబడి నా చేతుల వైపు చూస్తారు. ఇరవై ఏళ్ళు ఆ మేళం నా అరుగు ముందే ఆగింది. మా అత్త తన తర్వాత పెద్ద కోడలికి అప్పజెప్పిన హక్కు అది. దానికి మా ఇంట్లో ఒకటే కట్టుబాటు. చక్రం తిప్పేది మగవాడైనా, మట్టి కలిపిన ఆడదానిదే కుండ. తాను కలిపిన మట్టి కుండనే తన చేత్తో ఇవ్వాలి. అందుకని పచ్చికుండ అడుగున ఆమె గోటితో గుర్తు పెడుతుంది. నా గుర్తు మూడు గాట్లు. లోవలక్ష్మిది చిన్న సున్న.

తొంభై నాలుగులో మా మట్టి చెరువు పోయింది. ఎండిపోలేదు, చేపల చెరువు కింద లీజుకిచ్చేశారు. గట్లు లేపారు, కాపలా పెట్టారు, మమ్మల్ని దిగనివ్వలేదు. తాతల నాటి నుంచి మేం ఆ చెరువు అడుగు మట్టి మీదే బతికాం. ఇక మిగిలింది చేలల్లో నల్లరేగడి. రైతుకు అది బంగారం, కుమ్మరికి శత్రువు. నీళ్ళు పోస్తుంటే తాగుతూనే ఉంటుంది. తాగి పొంగుతుంది, జిగురు పట్టి చేతిని వదలదు. ఆరేటప్పుడు తాగిందంతా వదిలేసి ముడుచుకుపోయి, కుండ పొట్ట మీద నెర్రె విచ్చుతుంది. ఇసుక కలిపాను, తడిగుడ్డ కప్పాను, నీడన ఆరబెట్టాను. పదింటిలో ఆరు పోయేవి.

ఆ మరుసటి ఏడే గంగరాజుకు పెళ్ళయింది. పిల్లది తుని దగ్గర కొండ కింది ఊరు. కాపురానికి వచ్చిన రోజున చలిమిడి, అరటిపళ్ళ గెలలతో పాటు బండిలోంచి ఒక గోనె సంచీ దిగింది. విప్పి చూస్తే ఎర్రమట్టి.

"ఏంటమ్మాయ్ ఇది? మా ఊళ్ళో మట్టి లేదనుకున్నారా మీ వాళ్ళు?" అన్నాను నలుగురిలో.

అందరూ నవ్వారు. ఆవిడ తలెత్తకుండానే, "ఉందక్కా. దీన్లో ఇనుముంటుందని మా నాన్న ఇచ్చాడు. మీ నల్లమట్టిలో కలపమన్నాడు," అంది.

మనిషి పొట్టి, చేతులు సన్నం, మాట మెత్తన. ఆ మాట వినబడాలంటే మనమే దగ్గరకు జరగాలి. అదొక్కటే చాలు నాకు ఒళ్ళు మండడానికి. నన్ను "అక్కా" అంటూనే "మీరు" అనేది. అది గౌరవమో దూరమో నాకు ఇప్పటికీ తెలియదు. చిన్నప్పుడే తల్లి పోతే తండ్రే పెంచాడట. కొడుకులు లేని మనిషి, మట్టి సంగతులన్నీ కూతురికే నేర్పాడట. ఇదంతా మా అత్త నాకు పదిసార్లు చెప్పింది, నేను ఒక్కసారీ అడగలేదు. మట్టిబెడ్డ విరిచి చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేది ఈవిడ. పిట్ట కొంచెం, కూత ఘనం అనుకునేదాన్ని.

వచ్చిన నెలకే పెరట్లో గుంట తవ్వి, నల్లమట్టి బెడ్డలు పేర్చి, చుట్టూ ఊక పోసి అంటించింది. పొద్దున అంటిస్తే సాయంత్రం దాకా కాలుతూనే ఉంది. కుండ చేశాక కాలుస్తారు గానీ, చేయకముందు మట్టిని కాల్చేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? కాలిన మట్టి చచ్చిన మట్టి అని మా వాళ్ళలో మాట. అది చక్రం ఎక్కదు, చేతికి లొంగదు.

"చిన్నదానికి పొయ్యికీ ఆవానికీ తేడా తెలిసినట్టు లేదే," అంది మా అత్త. ఆ మాట విని ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మర్నాడు ఆ కాలిన బెడ్డల్ని రోట్లో దంచి, జల్లించి, మూడు పాళ్ళ పచ్చి రేగడిలో ఒక పాలు కలిపింది. పుట్టింటి ఎర్రమట్టి దోసెడు వేసింది. గోనె కప్పి తొమ్మిది రోజులు ఉంచింది. ఆ మట్టి గంగరాజు చక్రం మీద నూనె రాసినట్టు లేచింది. ఆరితే నెర్రె లేదు, కాలితే పగులు లేదు. వేలితో కొడితే కంచు పలికినట్టు పలికింది. కుమ్మరికొక ఏడు, గుదియకొక పెట్టు అంటారు. నా కుండలకు ఆ కర్ర దెబ్బ కూడా అక్కర్లేదు, వాటంతటవే పగిలేవి.

గంగరాజు కావిడి వేసుకుని పెనుగొండ సంతకు వెళితే మధ్యాహ్నానికే ఖాళీ కావిడితో ఈల వేసుకుంటూ వచ్చేవాడు. మా ఆయన పొద్దుగూకేదాకా కూర్చుని సగం వెనక్కి తెచ్చేవాడు. రోజూ నా అరుగు మీద బియ్యం ఏరుకునే మా అత్త చేటతో సహా ఆ అరుగుకు మారిపోయింది.

"అక్కడ నీడ ఉందే," అంది అడిగితే.

రెండు అరుగులకూ ఒకటే చూరు. నీడ అక్కడెక్కువా, ఇక్కడ తక్కువా?

మూడో ఏడు ఎర్రమట్టి సంచీ అయిపోయింది. ఇప్పుడు చూద్దాం నీ గొప్ప అనుకున్నాను. ఆవిడ కాలవ గట్టు మీద అచ్చిబాబు కొలిమికి వెళ్ళి, సుత్తి దెబ్బలకు రాలిన ఇనుప పొలుసు చీపురుతో ఊడ్చి తెచ్చుకుంది. దాన్ని పులిసిన గంజిలో నానేసింది. నాలుగు రోజులకు ఆ నీళ్ళు తుప్పు రంగుకు తిరిగితే, అవే పోసి మట్టి కలిపింది. కుండలు అంతకు ముందుకన్నా ఎర్రగా దిగాయి.

ఇంకో సంగతి కూడా చూశాను. మట్టి కాల్చిన ప్రతిసారీ ఆవిడ అరుగు మీద ఒక ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పోసి, అందులో ఒక బెడ్డ వేసి ఉంచేది. మర్నాడు అందులో చెయ్యి పెట్టి చూసి గానీ రోలు ముట్టుకునేది కాదు. అదేదో వాళ్ళ తలుపులమ్మ తల్లి మొక్కు కాబోలు అనుకున్నాను. మొక్కులకు కూడా నేను కుళ్ళుకోలేదు లెండి, అక్కడితో వదిలేశాను.

అడిగితే చెప్పేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలుసు కాబట్టే అడగలేదు.

తొంభై తొమ్మిది మాఘంలో పల్లంరాజు గారి అమ్మాయి హారతి పెళ్ళి కుదిరింది. మా ఊళ్ళో పెద్ద రైతు ఆయన. పెళ్ళి ఇరవై రోజులుందనగా ఆయన భార్య ప్రసన్నకుమారి గారు మా అరుగు దగ్గరకు వచ్చారు.

"పాపాయీ, మొన్న శ్రావణంలో మా చెల్లెలింటికి నువ్విచ్చిన కుండ పందిట్లోనే నెర్రె విచ్చిందంట. ఆడపిల్ల పెళ్ళి, అపశకునం అని ఎంత బాధపడ్డారో. ఈసారి కూడా అలా అయితే నేను ఊరుకోను. నీ వల్ల కాకపోతే ఇప్పుడే చెప్పు, మీ లోవలక్ష్మి చేత ఇప్పిద్దాం. ఏ అరుగైతే ఏంటి?"

"నా వల్ల ఎందుకు కాదండి అమ్మగారూ. ఇరవై ఏళ్ళ నుంచి ఇస్తున్నదాన్నే కదండి," అన్నాను.

ఏ అరుగైతే ఏంటట. ఎంత తేలిగ్గా అనేశారో. ఒక్కసారి మేళం పక్క అరుగు ముందు ఆగిందంటే మళ్ళీ నా దగ్గరకు రాదని ఆవిడకేం తెలుసు. తడిక అవతల లోవలక్ష్మి రోకలి చప్పుడు ఆగింది. అంతా విన్నది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చానని సామెత. ఈవిడ కనీసం నవ్వనైనా నవ్వలేదు.

నేనూ ఆవిడలాగే చేద్దామని దిగాను. ముందు కొలిమికి వెళ్ళాను.

"పొలుసాండి? రండి రండి. లోవలక్ష్మి గారు పంపారా?" అన్నాడు అచ్చిబాబు.

నేను పుట్టినప్పటి నుంచి పాపాయినే. నాలుగేళ్ళ కిందట వచ్చినావిడ అప్పుడే లోవలక్ష్మి గారు. నోరు మూసుకుని పొలుసు ఊడ్చుకొచ్చి గంజిలో నానేశాను.

ఇక మట్టి కాల్చాలి. పెరట్లో గుంట తవ్వి ఊక అంటిస్తే పొగ ఊరంతా చూస్తుంది. పాపాయి కూడా చిన్న కోడలి దారిలోకి వచ్చిందని చెప్పుకుంటారు. అందుకని తలుపు వేసుకుని, వంటింటి పొయ్యి మీద పెద్ద మూకుడు పెట్టి బెడ్డలు వేయించాను. ఆవిరి పోయింది, పచ్చి వాసన పోయింది, బెడ్డ తెల్లబారింది, ముట్టుకుంటే వేలు కాలింది. ఇంకా మంట పెడదామా అనుకుంటుంటే కాలిన మట్టి చచ్చిన మట్టి అన్న మాట గుర్తొచ్చింది. మరీ చంపితే చక్రం ఎక్కదేమోనని దింపేశాను. దంచి, జల్లించి, తుప్పునీళ్ళు పోసి కలిపాను.

"బాగా సాగుతోందే," అన్నాడు మా ఆయన చక్రం తిప్పుతూ.

ఐదు కుండలు దిగాయి. అడుగున మూడేసి గాట్లు పెట్టి, తడిగుడ్డ కప్పి, తడిక పక్కన నీడలో పెట్టాను. నాలుగో రోజున గుడ్డ తీశాను. ఐదింటికీ మెడ నుంచి పొట్ట దాకా నెర్రె. పచ్చి పెంకుల్ని పెరటి గట్టు మీద విసిరికొట్టి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అదే నెర్రె. పెళ్ళింక ఐదు రోజులుంది.

మర్నాడు మధ్యాహ్నం లోవలక్ష్మి బట్టలు తీసుకుని కాలవకు వెళ్ళింది. గంగరాజు సంతలో ఉన్నాడు. మా అత్త కునుకు తీస్తోంది. తడిక సందులోంచి చూస్తే, ఆవం నుంచి దింపిన కుండలు రెండు వరుసలున్నాయి. గోడ వారన ఐదు, తడికకు ఆనుకుని ఐదు. ఇంకా రంగు పూయలేదు. తడిక కింది కట్టు విప్పి, ఈ పక్కవి ఐదూ ఒక్కొక్కటే లాగేసుకున్నాను. నా చెయ్యి వణకలేదు. వణికిందని చెబితే బాగుంటుంది గానీ, అబద్ధం.

సాయంత్రం ఆవిడ వచ్చి ఖాళీ చోటు చూసింది. చీపురు తెచ్చి అక్కడ ఊడ్చింది. అంతే. గొడవ చేస్తే ఎదురు గొడవ చేద్దామని నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని నవ్వుకున్నాను.

సున్నం కొట్టాను, జాజుతో తీగలు వేశాను, ముగ్గులు పెట్టాను. ఏ కుమ్మరి ఆడదైనా కుండ చేతికి రాగానే ముందు అడుగు చూస్తుంది. నేను చూడలేదు. అడుగున ఆవిడ సున్న ఉంటుందని తెలుసు, దాన్ని చూడబుద్ధి కాలేదు. మొహం పక్కకు తిప్పుకుని గుడ్డతో జాజు మందంగా పులిమేశాను.

మేళం వచ్చింది. సన్నాయి, డోలు, పట్టుచీరలు, పిల్లామేకా అంతా నా అరుగు ముందు ఆగారు. లోవలక్ష్మి తన అరుగు స్తంభం పక్కన నిలబడి చూస్తోంది. నేను పసుపు రాసుకున్న చేతులతో మొదటి కుండ ఎత్తి ప్రసన్నకుమారి గారికి అందించాను. ఆవిడ నెత్తిన పెట్టించుకోలేదు. వేలితో పొట్ట మీద కొట్టారు. ఖంగుమంది. అనుమానం తీరలేదేమో, బోర్లించి అడుగు చూశారు. బొటనవేలితో జాజు రుద్దారు.

"మూడు గాట్లు. నీ కుండే," అన్నారు. "ఊరికే అనుమానపడ్డానే పాపాయీ. ఏమనుకోకు."

నేను తొంగి చూశాను. మూడు గాట్లే. రెండో కుండ తీసుకుని నేనే తిప్పి రుద్దాను. మూడు గాట్లు. ఐదింటికీ అంతే. ఆవంలో కాలిన గాట్లు. అంటే మట్టి పచ్చిగా ఉన్నప్పుడే ఎవరో నా గుర్తు పెట్టారు. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. నా నుదుట బొట్టు పెట్టారు, ఒళ్ళో బియ్యం, కొబ్బరికాయ, చిలకపచ్చ చీర పెట్టారు. మేళం వెళ్ళిపోయింది.

చీర చంకన పెట్టుకుని వీధిలోంచి చుట్టూ తిరిగి ఆవిడ అరుగెక్కాను. నాలుగేళ్ళలో అదే మొదటిసారి.

"నా గుర్తు నువ్వెందుకు పెట్టావే?"

ఆవిడ మట్టి తొక్కుతోంది. కాళ్ళు ఆపి, "మీరు కుండలు ఆరబెట్టే చోటు ఈ సందులోంచి కనబడుతుందక్కా," అంది. నేనొక్కదాన్నే చూస్తున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. "మొదటిసారి పగిలినప్పుడే చూశాను. అడుగుతారేమోనని రెండ్రోజులు ఆగాను. మీరు అడగలేదు. మేళం మీ అరుగు ముందు ఆగకపోతే మీరు తట్టుకోలేరని మీ మరిదితో అన్నాను. ఆయన ఇంకో ఐదు తిప్పారు. అవి మీవే. అందుకే తడిక పక్కన పెట్టాను. ఎలా ఇవ్వాలో తెలియక ఊరుకున్నాను. ఈలోపు మీరే తీసుకున్నారు."

"మట్టి కలిపినదాన్దే కుండ. కలిపింది నువ్వు. నాదెలా అవుతుంది?"

"మీరు గట్టు మీద పారేసిన పెంకులే కదక్కా నేను కాల్చి దంచి, నానిన మట్టిలో కలిపింది. మీరు కలిపిన మట్టి అందులో ఉంది. నేను అబద్ధం గుర్తు పెట్టలేదు."

ఆవిడ కాళ్ళు కడుక్కుని, ఆ ఇత్తడి చెంబులో నీళ్ళు నింపి నా ముందు పెట్టింది. నేను కాల్చిన బెడ్డ ఒకటి తెమ్మంది. ఇంటికెళ్ళి మూకుట్లో మిగిలింది తెచ్చి వేశాను. మేం చూస్తుండగానే అది బుడగలు వదిలింది, ఉబ్బింది, విచ్చిపోయి అడుగున బురదైంది. తర్వాత ఆవిడ తన గుంటలోంచి ఎర్రగా కాలిన బెడ్డ ఒకటి వేసింది. అది వేసింది వేసినట్టే కూర్చుంది.

"ఎండితే మళ్ళీ తాగుతుందక్కా. ఎర్రగా కాలాక ఇంక తాగదు. పైకి రెండూ కాలినట్టే ఉంటాయి. చెంబులో వేస్తేనే తెలుస్తుంది. ఇనుపనీళ్ళు ఎన్ని పోసినా, ఇది చూసుకోకపోతే లాభం లేదు."

అదీ ఆవిడ మొక్కు.

ఇప్పుడు కడియం నర్సరీల వాళ్ళు మొక్కల కుండీల కోసం ఆవిడ ఇంటికి లారీలు పంపుతున్నారు. చుట్టుపక్కల ఊళ్ళ కుమ్మరి ఆడవాళ్ళు వచ్చి మట్టి నేర్చుకుని వెళుతున్నారు. మేళం ఇప్పటికీ నా అరుగు ముందే ఆగుతుంది. నా కుండలు పగలడం లేదు. నా అరుగు మీద కూడా ఒక చెంబు ఉంది. ఆ చిలకపచ్చ చీర మాత్రం పెట్టెలోనే ఉంది. ఒకసారి తీసుకెళ్ళి ఇవ్వబోతే, "ఆ రంగు మీకే నప్పుతుందక్కా," అని వెనక్కి ఇచ్చేసింది. నిజమే, నాకే నప్పుతుంది. అదీ నా కడుపుమంట.

పచ్చికుండ అడుగున గోటితో మూడు గాట్లు పెట్టిన ప్రతిసారీ, ఆవిడ గోరు నా గాట్లను ఎంత అచ్చంగా గీసిందో గుర్తొస్తుంది. జన్మలో ఒక్కసారి ఆవిడది దొంగిలించాను. తీరా చూస్తే అది నాదే. ఆవిడ నాకు ఆ దొంగతనాన్ని కూడా దక్కనివ్వలేదు.